మొదటి పిడికెడు

పశువులకు పేర్లు పెట్టొద్దన్నది ఆ ఫారంలో నేను విన్న మొదటి మాట. అన్నది అక్కడి స్టాక్‌మన్, అంటే మందను చూసుకునే మనిషి. అరవై దాటిన వయసు, ఎండకు మాడిన ముఖం, రోజుకు పది మాటలకు మించి ఖర్చుపెట్టని నోరు. "పేరు పెడితే పిలుస్తావు. పిలిస్తే వస్తుంది. వచ్చిందంటే నీకే కష్టం," అన్నాడు. నేను తలూపాను. పేరు పెట్టనూ లేదు. ఆ విషయంలో ఇవాళ్టికీ ఎవరి ముందైనా ప్రమాణం చేస్తాను. నేను చేసిన తప్పు వేరు.

అప్పట్లో నేను బ్రిస్బేన్‌లో పశుపోషణ మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఉండేది స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే నర్సుగా పనిచేస్తున్న ఒక ఆంటీ ఇంట్లో, వెనక గదిలో. ఫారం అక్కణ్ణుంచి పడమరగా గంట దూరం. పాత కారు ఒకటి కొనుక్కుని, తెల్లవారకముందే బయల్దేరి, ఇప్స్‌విచ్ దాటి, పొలాల మధ్య నుంచి వెళ్లేదాన్ని. నా థీసిస్ మొత్తం ఒకే ప్రయోగం మీద నిలబడి ఉంది. మాంసం కోసం పెంచే కోడెల్లో ఎదుగుదలకూ మాంసం రుచికీ మేత ఎంత కారణం, జాతి ఎంత కారణం. రెండు జాతులు, రెండు రకాల మేత, నాలుగు దొడ్లు. చివరికి అన్నీ కోతకు వెళతాయి. మాంసం వెనక్కి వస్తుంది. కొలిచి, కోసి, వండి, రుచి చూసి రాసుకుంటాం. అందులో తేడా వస్తే నాకు చదువు లేదు, వీసా లేదు, ఇంటికి టికెట్ మాత్రమే.

పుస్తకాల్లో జవాబు ముందే ఉంది. నల్లటి యాంగస్ కోడె చెప్పినమాట వినే విద్యార్థి లాంటిది. ధాన్యం పెడితే త్వరగా ఒళ్లు చేస్తుంది, కొవ్వు సన్నటి తెల్లగీతలై కండ లోపలికి పాకుతుంది, ముక్క మెత్తగా ఉంటుంది. మూపురమున్న తెల్ల బ్రాహ్మన్ కోడె ఎండకూ పిడుదులకూ తట్టుకుంటుంది గానీ ఒళ్లు చెయ్యడం ఆలస్యం, పిరికిది, మాంసం గట్టి. గడ్డి మీద పెరిగితే కొవ్వు పసుపు తిరుగుతుంది, ముక్క ఇంకా గట్టిపడుతుంది. నా పని ఇందులో ఎంత మేరకు నిజమో తూకం వేసి చెప్పడం.

ఆ బ్రాహ్మన్‌లను మొదటిసారి చూసినప్పుడు మాత్రం నాకు పుస్తకం గుర్తు రాలేదు. మాది ప్రకాశం జిల్లా. ఆ మూపురం, ఆ గంగడోలు, కాటుక పెట్టినట్టున్న ఆ కళ్లు నేను పుట్టినప్పటి నుంచి చూసినవే. ఒంగోలు గిత్తలు ఎప్పుడో ఓడలెక్కి అమెరికాలకు పోయి, అక్కడ ఇంకొన్ని మనదేశపు జాతులతో కలిసి, కొత్త పేరుతో ఇక్కడికి దిగాయి. మా పల్లె చివర చర్చి పక్క ఇళ్లలో పుట్టిన పిల్లను నేను. మా వాళ్లు మేపిన గిత్తకు ఇక్కడ పెట్టిన పేరు బ్రాహ్మన్ అని తెలిసిన రోజు కారులో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. మా తాత బతికుంటే ఇంకా ఎక్కువ నవ్వేవాడు.

మా తాత ఒక పెద్ద రైతు ఇంట్లో పాలేరు. బండలాగుడు పందేలకు తయారుచేసే గిత్తలు ఆయన చేతిలో పెరిగేవి. ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు. వాటిని గాట్లో పొయ్యడానికి ముందు ఒక పిడికెడు తీసి, గొంతులోంచి ఒక పిలుపు పిలిచి, అరచేత్తో గిత్త నోటికి అందించేవాడు. అది తిన్నాకే మిగతాది గాట్లో పోసేవాడు. "గాట్లో పోసేది రైతు మేత. చేత్తో పెట్టేది మన మాటే తల్లీ," అనేవాడు. ఆయనకు రెండు నియమాలుండేవి. నేను ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఊరికే ఆటకు పిలుపు పిలిచి గిత్తను దగ్గరికి రప్పించుకుంటే, జీవితంలో ఒక్కసారి నా మీద కసిరాడు. "ఖాళీ చేత్తో పిలవబాకే. అది నమ్మి వచ్చిద్ది," అన్నాడు. రెండోది తిండి గురించి. మా ఇంట్లో గొడ్డుమాంసం కొత్త కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక పొయ్యి మీద అదే ఉడికేది, తాతా ఇష్టంగానే తినేవాడు. కానీ తన చేతిమేత తిన్న గిత్త కోతకు వెళ్లిందని తెలిస్తే ఆ వారమంతా పచ్చిపులుసుతో సరిపెట్టుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ప్రయోగం మొదలైన మూడో వారంలో పొగమంచు పట్టింది. చలికాలంలో ఆ లోయలో మంచు దిగితే కారు లైట్లు కూడా రెండు బారల అవతల ఆగిపోతాయి. ఆ రోజు నేను కారు దిగి దొడ్ల వైపు నడిచాను. ఏమీ కనబడడం లేదు. ఊపిరి తీస్తున్న శబ్దం మాత్రం నాలుగు వైపుల నుంచీ వస్తోంది. నాకు చాలా భయం వేసింది. ఒక్కొక్కటీ నాకంటే ఎన్నో రెట్లు బరువున్న జంతువులు ఎటు ఉన్నాయో తెలియకుండా నేను కమ్మీల మధ్య సందులో నిలబడి ఉన్నాను. పత్తిగింజల వాసన కొడుతోంది, ధాన్యం మేతలో ఇక్కడా కలుపుతారు. ఆ వాసనకో, భయానికో, నాకు తెలియకుండానే నా గొంతులోంచి తాత పిలుపు వచ్చింది. "హో... దా... దా..."

ఊపిరి శబ్దాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

తర్వాత గిట్టల చప్పుడు. పరుగు కాదు, నెమ్మదిగా, ఒకటే. మంచులోంచి ముందు మూపురం, ఆ తర్వాత ముఖం వచ్చాయి. చెవికి పసుపు ట్యాగు, నూట పదిహేడు. గడ్డి మేస్తున్న బ్రాహ్మన్ దొడ్డిలోది. అది కమ్మీ దగ్గరికి వచ్చి, తల వంచి, నా కుడిచెయ్యి ఎక్కడుందో వెతికి, అరచేతిలో మూతి పెట్టింది.

నా చెయ్యి ఖాళీగా ఉంది. తాత కసిరిన మాట చెవిలో వినబడ్డంత పని అయింది. సంచిలో మధ్యాహ్నానికి ఆంటీ కట్టిచ్చిన ఉలవ గుగ్గిళ్లు ఉన్నాయి. డబ్బా తీసి పిడికెడు అరచేతిలో పెట్టాను. అది కళ్లు సగం మూసుకుని, ఒక్క గింజ కింద పడకుండా నాకింది. మా గిత్తలు అచ్చం అలాగే తినేవి.

ఆ రోజు పది గంటలకు టీ తాగుతూ స్టాక్‌మన్‌ని అడిగాను, ఈ బ్రాహ్మన్‌లు ఎక్కడివని. "ఉత్తరాన పశువుల స్టేషన్‌లో పుట్టాయి. కంచె కూడా కనబడనంత పెద్ద పొలాలు. హెలికాప్టర్‌తో తోలుకొస్తారు. మనిషిని దగ్గర నుంచి చూడ్డం వాటికి ఇక్కడే మొదలు," అన్నాడు. చేతిమేత ఎవరైనా అలవాటు చేసి ఉంటారా అంటే నన్ను వింతగా చూశాడు. ఎవరు చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నాడు. నేను టీ కప్పు కింద పెట్టేశాను.

ఒక్కసారితో ఊరుకుని ఉండాల్సింది. కానీ మర్నాడు నేను వెళ్లేసరికి నూట పదిహేడు అదే చోట, తొట్టి పక్కన, తల నా వైపు పెట్టి నిలబడి ఉంది. నేను పిలవలేదు. మిగతావన్నీ దొడ్డి అవతలి మూల ముద్దగా చేరి నన్నే చూస్తున్నాయి. ఇది ఒక్కటే ఇటు వచ్చి నిలబడింది. నిన్న పెట్టి ఇవాళ పెట్టకపోతే ఎలా అనుకున్నాను. అలా రోజూ అనుకున్నాను. పిడికెడు ఉలవలు, చిన్న బెల్లం ముక్క. పెద్ద తూకాల మధ్య పిడికెడు ఏపాటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మేత మీద పరిశోధన చేసే మనిషి అనాల్సిన మాటేనా అది? అన్నాను మరి.

ఇంట్లో ముందుగా పట్టుకున్నది ఆంటీ. ఇండియన్ షాపు నుంచి తెచ్చిన ఉలవలు సంచులకు సంచులు అయిపోతున్నాయి.

"ఏందమ్మాయ్, రోజూ ఉలవలు నానబెడతన్నావు, చారు మాత్రం నా కంటికి కనపడట్లా?"

"ఫారంలో తింటన్నా ఆంటీ. లంచ్‌కి."

"గుర్రమంత తింటన్నావు, ఒంటికి పట్టట్లేదే," అని నవ్వింది.

ఆవిడ కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మమ్మీ, షీ స్మెల్స్ లైక్ కౌస్," అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రోజు చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. వాసన పోలేదు.

రెండు వారాలకోసారి తూకం ఉండేది. కోడెను క్రష్‌లోకి, అంటే కదలకుండా పట్టుకునే ఇనుప బోనులోకి తోలి, బరువు చూసి, ముందు తలుపు తీస్తాం. అది ఎంత వేగంగా బయటికి దూకుతుందో కూడా ఒక యంత్రం కొలుస్తుంది. ఎంత బెదురుంటే అంత వేగం. బెదిరే పశువుకు తిన్నది ఒంటికి పట్టదు, కోశాక మాంసం గట్టిగా ఉంటుంది. బ్రాహ్మన్‌లు తలుపు తియ్యగానే తూటాల్లా పోయేవి. నూట పదిహేడు మాత్రం ఎవరో ఇంట్లోంచి గుమ్మం దాటుతున్నట్టు నడిచి వెళ్లి, నాలుగడుగుల తర్వాత ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసేది. ప్రతిసారీ. నేను ఏ వైపు నిలబడితే ఆ వైపుకే. ఒకసారి కావాలని స్టాక్‌మన్ వెనక దాక్కున్నాను. అది తల పక్కకు వంచి, ఆయన భుజం మీదుగా చూసింది.

స్టాక్‌మన్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "పేరు పెట్టలేదు కదా?" అన్నాడు.

"లేదు."

"సరే," అని తర్వాతి కోడెను తోలాడు.

బరువుల పట్టీలో నూట పదిహేడు తన దొడ్డివాటిని దాటిపోవడం మొదలైంది. మేత అదే, జాతి అదే, దొడ్డి అదే. మా ప్రొఫెసర్, జుట్టు పూర్తిగా నెరిసిన సన్నటి మనిషి, చూపుడువేలితో ఆ వరస మీద కొట్టి, "ఇతను ఆసక్తికరంగా ఉన్నాడే," అంది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. పిడికెడు గింజల వల్ల ఇంత బరువు రాదు, అది నాకు లెక్కవేసి తెలుసు. వచ్చింది గింజల నుంచి కాదు. అది బెదరడం మానేసింది, అంతే. రోజూ ఒక మనిషి పిలిచి అరచెయ్యి చాపుతుంటే ఆ దొడ్డిలో భయం లేకుండా బతికిన పశువు అదొక్కటే. మిగతావాటికి దక్కనిది దానికి నేను ఇచ్చాను. అంటే నా ప్రయోగాన్ని నేనే పాడుచేశాను. నోరు మూసుకుని పట్టీ సంచిలో పెట్టుకున్నాను.

చివరి రోజు వచ్చింది. కోతకు ముందు మేత ఆపేస్తారు, ముందు రోజు సాయంత్రం నుంచే తొట్లన్నీ మూసేశాం. ఆ ఉదయం నేను ఉలవలు తీసుకెళ్లలేదు. ఇది నేను పాటించిన ఒకే ఒక్క రూలు. మామూలు వేళకే వెళ్లాను. నూట పదిహేడు మూసిన తొట్టి దగ్గర నిలబడి ఉంది. నేను అటు చూడకుండా ఆఫీసు గదిలోకి వెళ్లిపోయి, లారీ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

ఎక్కించేటప్పుడు యాంగస్‌లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. బ్రాహ్మన్‌లు కాసేపు గొడవ చేసి ఎక్కాయి. నూట పదిహేడు ర్యాంప్ మొదట్లో నిలబడిపోయింది. బెదరడం లేదు, వెనక్కి తిరగడం లేదు. ఊరికే నిలబడింది. కరెంటు కర్ర పెట్టొద్దని ప్రొఫెసర్ ముందే చెప్పింది. చివరి గంటల్లో పశువు బెదిరితే కండలో ఉన్న శక్తి కరిగిపోయి మాంసం నల్లబడుతుంది, ఇంతకాలపు పని వృథా. డ్రైవర్ టైం చూసుకుంటున్నాడు. స్టాక్‌మన్ పశువుల్ని తోలే జెండా ఊపాడు, చప్పట్లు కొట్టాడు. అది కదల్లేదు. అది ఎవర్ని చూస్తోందో ఆయనకు తెలుసు. ఆయన నా వైపు తిరిగాడు. అడగలేదు. ఊరికే నా వైపు తిరిగాడు.

నేను ర్యాంప్ పక్కన మనుషులు ఎక్కే చిన్న తలుపులోంచి లారీలోకి ఎక్కి, కుడిచెయ్యి చాపి పిలిచాను. "హో... దా... దా..."

అది ఎక్కింది. తొందరపడలేదు. నా దగ్గరికి వచ్చి అరచేతిలో మూతి పెట్టింది. వాసన చూసింది. తర్వాత నాలుకతో అరచెయ్యి మధ్య నుంచి వేళ్ల చివరిదాకా ఒకసారి నాకింది, ఎక్కడైనా ఒక గింజ అంటుకుని ఉందేమో అన్నట్టు. నేను చెయ్యి లాక్కుని తలుపులోంచి దిగాను. వెనక గేటు పడింది.

"ఏమన్నావు వాడితో?" అన్నాడు స్టాక్‌మన్.

"రమ్మన్నాను," అన్నాను.

మర్నాడు నిద్రలేచి, ఉలవలు డబ్బాలో పెట్టుకుని, గంట కారు నడిపి, ఫారం గేటు దగ్గరికి వెళ్లాక గానీ దొడ్లు ఖాళీ అని గుర్తు రాలేదు. అలవాటు చేసే పని అది. మళ్లీ మంచు పట్టి ఉంది. దిగి నడిచాను. తొట్లకు ఒక్కొక్కదానికి చిన్న పెట్టె బిగించి ఉంటుంది. చెవి ట్యాగున్న కోడె తల దగ్గరికి తెస్తే దాన్ని గుర్తుపట్టి ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, ఏ కోడె, ఎంతసేపు, ఎంత తిన్నది అన్నది కంప్యూటర్‌కి పోతుంది. నేను దొడ్డి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఊపిరి శబ్దం లేదు. ఏమీ లేదు. నూట పదిహేడు నిలబడే చోట తొట్టి మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. కాసేపు అలాగే ఉండి ఆరిపోయింది.

వైర్లలోకి తేమ వెళ్లి ఉంటుందన్నాడు స్టాక్‌మన్, మధ్యాహ్నం అడిగితే. అదే అయ్యుంటుంది. ఆ ఉదయం నేను ఉలవలు కమ్మీ కింద పోసి వచ్చేశాను. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

మాంసం నెల తర్వాత రుచి పరీక్షకు వచ్చింది. రుచి చూడ్డానికి వచ్చేవాళ్లంతా బయటి మనుషులే. ఆ మధ్యాహ్నం ఒకరు రాలేదు, కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ముక్కల మీద కోడ్‌లే ఉంటాయి, ఏ కోడ్ ఏ పశువుదో నాకూ తెలియదు కాబట్టి నన్ను కూర్చోమన్నారు. అల్మారా అంత గది. మాంసం రంగు చూసి మనసు మారకుండా లోపల ఎర్రదీపం వేస్తారు. గోడ ఎరుపు, ప్లేటు ఎరుపు, నా చేతులు ఎరుపు. ఎదురుగా చిన్న కిటికీ తలుపు పైకి లేస్తుంది, ఒక చెయ్యి ప్లేటు లోపలికి తోస్తుంది, తలుపు దిగుతుంది. ఆ చెయ్యి ఎవరిదో కనబడదు. ముక్క నమిలి, మెత్తదనానికీ రసానికీ రుచికీ మార్కులు వేసి, నీళ్లు తాగి, బిస్కెట్ కొరికి, తర్వాతిదానికి ఎదురుచూడాలి.

నాలుగో ముక్క నోట్లో పెట్టుకోగానే విడిపోయింది. నమిలే పని లేకపోయింది. యాంగస్ అనుకున్నాను, ధాన్యం దొడ్డిది అనుకున్నాను. మింగాను. మింగిన వెంటనే నా కుడి అరచేతి మధ్యలో తడిగా, గరుగ్గా ఏదో పాకింది. వేళ్ల చివరిదాకా వెళ్లింది. చెయ్యి బల్ల మీద ఉంది, చూస్తూనే ఉన్నాను, దాని మీద ఎర్రటి వెలుతురు తప్ప ఏమీ లేదు. కేక వెయ్యలేదు. పరీక్షలో మాట్లాడకూడదు. కాగితం మీద మెత్తదనానికి అన్నిటికంటే పై మార్కు వేశాను. అది నిజమే కాబట్టి వేశాను.

ఆ శనివారం ఆంటీ కూర వండింది, వారానికోసారి వండే బీఫ్ కూర, మా వైపు మసాలాతో. నేను ప్లేటు ముందు కూర్చుని లేచిపోయాను.

"అదేందే, తినకుండా లేస్తన్నావు? జ్వరమా?"

"చేతిమేత తిన్నదాన్ని తిన్నాను ఆంటీ," అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టింది. వాళ్ల నాన్నకూ ఆ పట్టింపు ఉండేదట. కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "వాట్ డస్ దట్ ఈవెన్ మీన్?" అంది.

కోడ్‌లు విప్పారు. నాలుగో ముక్క నూట పదిహేడు.

ప్రొఫెసర్ నన్ను గదికి పిలిచి తలుపు వేసింది. ఆవిడ కళ్లలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. గడ్డి తిన్న బ్రాహ్మన్, యాంగస్ అంత మెత్తగా. మేత కారణం కాదు, కాబట్టి రక్తంలో ఏదో ఉండాలి. వాడి తండ్రి ఎవరో స్టేషన్ వాళ్లను అడుగుతున్నానంది. అన్నదమ్ముల్ని కొనిపించి వచ్చే ఏడాది కొత్త ప్రయోగం, అందులో పీహెచ్‌డీ నాదే అంది. నాకు కావలసినదంతా ఆ బల్ల మీద పెట్టింది. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే నూట పదిహేడు పేరు లేకపోయినా నంబరుతో పుస్తకాల్లో ఉంటుంది. చెబితే పట్టికలోంచి కొట్టేస్తారు. తూకాలు, మాంసం, మార్కులు అన్నీ. అది పుట్టి, పెరిగి, నా మాట నమ్మి లారీ ఎక్కినందుకు ఒక్క అంకె కూడా మిగలదు. నాకోసం ఎంత వెనకాడానో దానికోసం అంతే వెనకాడాను, ఇది అబద్ధం కాదు.

"ఒక చిన్న సందేహం మిగిలింది," అని ఆవిడ తొట్ల రికార్డు తీసింది. "ఇది చూడు. ప్రతిరోజూ ఉదయం ఒకే వేళకు ఇతను తొట్టిలో తల పెడతాడు. ఏమీ తినడు. సున్నా. కాసేపు ఉండి తల తీస్తాడు. ఆ తర్వాత గంటకు గానీ తినడు. మిగతా ఏ ఒక్కటీ ఇలా చెయ్యలేదు."

నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను. నేను వెళ్లే వేళ. నేను ఇంకా కారులో ఉండే నిమిషాలు కూడా అందులో ఉన్నాయి.

"ఆదివారాలు చూడు," అంది ఆవిడ. "ఆదివారం మరీ ఎక్కువసేపు."

ఆదివారాలు నేను ఫారానికి వెళ్లేదాన్ని కాదు. మేత వేరేవాళ్లు వేసేవాళ్లు. నేను ఆంటీ వాళ్లతో చర్చికి వెళ్లి పాటలు పాడేదాన్ని. వరసగా ఉన్నాయి ఆదివారాలు, ఒక్కటీ తప్పకుండా, ప్రతిదాని ఎదురుగా సున్నా. అన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పనిది ఆ యంత్రం రోజూ రాసుకుంటూ కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది.

"యంత్రం పొరపాటు అయ్యుంటుంది. ఈ వరసలు తీసేద్దామా?" అంది ప్రొఫెసర్.

"పొరపాటు కాదు. నాకోసం," అన్నాను.

అన్నీ చెప్పాను. మంచు, పిలుపు, ఉలవలు, బెల్లం. తర్వాత జరిగినదంతా ఇక్కడే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. నూట పదిహేడును అన్ని పట్టికల్లోంచి తీసేశారు. పీహెచ్‌డీ మాట మళ్లీ రాలేదు. నా చదువు ఇంకొక ఏడాది సాగింది. చిన్న డిగ్రీతో బయటపడ్డాను. థీసిస్‌లో ఒక ఫుట్‌నోట్ ఉంటుంది, పరిశోధకురాలు చేతిమేత పెట్టిన కారణంగా ఒక పశువును లెక్కలోంచి తొలగించడమైనది అని. ఆ వాక్యం నా చేతే రాయించారు. అది న్యాయమే.

కానీ ఆ రోజు గదిలో ఆవిడ వెంటనే కాగితం మూసెయ్యలేదు. వేలితో కిందికి జరుపుకుంటూ చివరి వరస దగ్గర ఆగింది. లారీ వచ్చిన రోజు. తొట్లు మూసి ఉన్నాయి. అయినా అదే వేళకు నూట పదిహేడు అక్కడ ఉంది. మిగతా ఏ రోజు కంటే ఎక్కువసేపు ఉంది. నేను ఆఫీసు గదిలో కూర్చున్నంతసేపూ ఉంది.

"ఈ రోజు కూడా పెట్టావా?"

"లేదు. కోతకు ముందు పెట్టకూడదు కదా."

"మరి లారీ ఎలా ఎక్కింది? మొండికేసిందన్నారే."

"నేను పిలిచాను," అన్నాను.

ఆవిడకు అర్థమైందో లేదో నాకు తెలియదు. నా కుడిచెయ్యి దానంతటదే బల్ల మీదికి వచ్చి, అరచెయ్యి పైకి తెరుచుకుంది. ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. అందులో ఏమీ లేదు.